పదికీ పదికీ మధ్య తొమ్మిది మెట్లు

2008 ఆగస్టు 11. బీజింగ్ ఒలింపిక్స్‌లో పురుషుల 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ. మన దేశం నుంచి ఇద్దరు బరిలో ఉన్నారు. 60 గుండ్ల అర్హత పోటీలో 600కు గాను అభినవ్ బింద్రా 596 పాయింట్లు, హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 595 పాయింట్లు సాధించారు. బింద్రా నాలుగో స్థానంతో ఫైనల్ చేరి, భారత్‌కు వ్యక్తిగత విభాగంలో తొట్టతొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు. ఫైనల్‌కు వెళ్ళేది ఎనిమిదిమందే. ఎనిమిదో స్థానం దగ్గర స్కోర్లు సమమయ్యాయి. చివరి వరుస గుండ్ల స్కోరు చూసి తేల్చే ‘కౌంట్‌బ్యాక్’ పద్ధతిలో నారంగ్ వెనకబడి తొమ్మిదో స్థానంతో ఆగిపోయాడు.

ఒకరి పేరు చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది, మరొకరు ఆ రోజుకు ప్రేక్షకుడిగా మిగిలారు. మధ్యలో ఉన్న తేడా ఒక్క పాయింటు. ఆ ఒక్క పాయింటు వెనక ఎన్ని మిల్లీమీటర్లున్నాయి? దాన్ని ఎవరు, దేనితో, ఏ నిబంధన ప్రకారం కొలిచారు? రైఫిల్ షూటింగ్‌లో గురికి ఎంత విలువుందో ఈ ప్రశ్నలకూ అంతే విలువుంది. పరుగుపందెంలో ముందు ఎవరు గీత దాటారో కంటికి కనిపిస్తుంది. ఇక్కడ గెలుపోటముల తేడా కంటికి ఆనేది కాదు.

అర మిల్లీమీటరు చుక్క

ముందు టార్గెట్‌ను చూద్దాం. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో అన్నిటికంటే పెద్దదైన 1వ వలయం వ్యాసం 45.5 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి లోపలికి వచ్చేకొద్దీ ఒక్కో వలయం 2.5 మి.మీ. వెడల్పున తగ్గుతుంది. 9వ వలయం వ్యాసం 5.5 మి.మీ. నట్టనడుమ ఉన్న 10 అసలు వలయమే కాదు, 0.5 మి.మీ. తెల్ల చుక్క. పెల్లెట్ వ్యాసం 4.5 మి.మీ. అంటే కొట్టాల్సిన చుక్క కంటే కొట్టే గుండే తొమ్మిది రెట్లు వెడల్పు.

గుండు చేసిన రంధ్రం తాకిన వలయాల్లో ఎక్కువ విలువున్న వలయానికే స్కోరు ఇస్తారు. చుక్క వ్యాసార్ధం 0.25 మి.మీ., గుండు వ్యాసార్ధం 2.25 మి.మీ. రెండూ కలిపితే 2.5 మి.మీ. గుండు కేంద్రం టార్గెట్ కేంద్రానికి 2.5 మి.మీ. లోపల పడితే 10, ఆ హద్దు దాటితే 9.

ఈ 2.5 మిల్లీమీటర్లను మళ్ళీ పది సమాన భాగాలు చేస్తే ఒక్కోటి 0.25 మి.మీ. కేంద్రానికి 0.25 మి.మీ. లోపల పడిన గుండుకు 10.9. అర మిల్లీమీటరు లోపలైతే 10.8. అలా దిగుతూ 10 హద్దు అంచున పడితే 10.0. ఒక గుండుకు రాగల అత్యధిక స్కోరు 10.9. 10.0 నుంచి అక్కడికి తొమ్మిది మెట్లు.

50 మీటర్ల రైఫిల్‌లో కొలతలు పెద్దవి. అక్కడ గుండు 5.6 మి.మీ., 10 వలయం 10.4 మి.మీ., ఒక్కో వలయం వెడల్పు 8 మి.మీ., ఒక్కో దశాంశం 0.8 మి.మీ. దూరం అయిదు రెట్లు పెరిగితే దశాంశం మెట్టు మూడు రెట్ల పైచిలుకే పెరిగింది. పైగా ఆ యాభై మీటర్లూ గుండు బయటి గాలిలో ప్రయాణించాలి.

కాగితం, గేజి, ఒక సంతకం

ఎలక్ట్రానిక్ టార్గెట్లు రాకముందు స్కోరంతా కాగితం మీదే. ఇప్పటికీ చాలా క్లబ్బుల్లో, చిన్న పోటీల్లో అదే పద్ధతి. కాగితంతో చిక్కేమిటంటే గుండు దూసుకుపోయాక రంధ్రం అంచులు మళ్ళీ కొంత ముడుచుకుంటాయి. ముందుభాగం గుండ్రంగా ఉన్న 50 మీటర్ల బుల్లెట్ కాగితాన్ని చించుకుంటూ పోతుంది, రంధ్రం అసలు బుల్లెట్ కంటే చిన్నగా కనిపిస్తుంది. ఎయిర్ రైఫిల్ పెల్లెట్ ముక్కు చదునుగా ఉండటానికి ఒక కారణం ఇదే. అది కాగితాన్ని శుభ్రంగా కత్తిరించినట్టు గుండ్రటి రంధ్రం చేస్తుంది.

అయినా గీతను తాకిందా లేదా అన్న సందేహాలు తప్పవు. అప్పుడు ‘గేజి’ వాడతారు. ఇది రంధ్రంలో సరిగ్గా ఇమిడే సన్నని లోహపు కడ్డీ. దాని మీద కచ్చితమైన వ్యాసంతో చేసిన గుండ్రటి అంచు ఉంటుంది. ఎయిర్ రైఫిల్ 10ని తేల్చే తీరులో ఒక తమాషా ఉంది. పెల్లెట్ పడగానే మధ్య చుక్క చిరిగిపోతుంది. లేని చుక్కను తాకిందో లేదో ఎలా చెప్పడం? అందుకని కొలతను బయటికి మార్చారు. 5.5 మి.మీ. అంచున్న గేజిని రంధ్రంలో పెట్టి, ఆ అంచు ఎంత దూరం వచ్చిందో చూస్తారు. గుండు కేంద్రం 2.5 మి.మీ. హద్దులో ఉంటే గేజి అంచు కేంద్రం నుంచి 5.25 మి.మీ. దాటదు. 8వ వలయం బయటి అంచు సరిగ్గా ఆ దూరంలోనే ఉంది. చెక్కుచెదరని 8వ గీతను చూసి, చిరిగిపోయిన 10 సంగతి చెప్పేస్తారన్నమాట.

గేజిని ఒక రంధ్రంలో ఒక్కసారే పెట్టాలి. రెండోసారి పెడితే రంధ్రమే పెద్దదవుతుంది, కొలిచే పని కొలవాల్సినదాన్ని పాడుచేస్తుంది. అందుకే గేజి పెట్టిన జ్యూరీ సభ్యుడు ఆ సంగతి టార్గెట్ మీదే రాసి సంతకం చేస్తాడు. ఆ నిర్ణయం మీద ఇక అప్పీలు లేదు.

చెవులున్న టార్గెట్

నేటి ఒలింపిక్ పోటీల్లో గేజి కనిపించదు. గుండు తగిలిన క్షణంలోనే షూటర్ పక్కనున్న తెర మీద చుక్క, దాని విలువ ప్రత్యక్షమవుతాయి. ఎలక్ట్రానిక్ టార్గెట్లలో చాలాకాలం రాజ్యమేలిన పద్ధతి శబ్దానిది.

కళ్ళు మూసుకొని కూర్చున్నా పిలుపు ఏ వైపు నుంచి వచ్చిందో మనకు తెలుస్తుంది. ఆ శబ్దం రెండు చెవులకూ చేరే సమయాల్లోని అతి చిన్న తేడాను మెదడు పసిగడుతుంది. టార్గెట్ కూడా ఆ పనే చేస్తుంది. మూసి ఉన్న ఒక పెట్టె మూలల్లో మూడో నాలుగో మైక్రోఫోన్లు ఉంటాయి. గుండు కాగితాన్నో రబ్బరు పొరనో చీల్చుకుని వెళ్ళినప్పుడు పుట్టిన శబ్దం దగ్గరున్న మైక్రోఫోన్‌కు ముందు, దూరంగా ఉన్నదానికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడాల నుంచి గుండు ఎక్కడ పడిందో కంప్యూటర్ లెక్కగడుతుంది. అతివేగంగా వెళ్ళే పెద్ద రైఫిల్ బుల్లెట్లయితే శబ్దవేగాన్ని మించి, వాటంతట అవే ఒక ఆఘాత తరంగాన్ని వెంట తీసుకువస్తాయి. ఎయిర్ రైఫిల్ పెల్లెట్ శబ్దం కంటే నెమ్మదిగా వెళుతుంది కాబట్టి దానికి చీల్చే పొర కావాలి.

20 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. ఒక దశాంశం మెట్టయిన 0.25 మి.మీ. దూరాన్ని దాటడానికి దానికి పట్టే కాలం 0.73 మైక్రోసెకను, అంటే సెకనులో పదిలక్షో వంతు కూడా కాదు. ఎలక్ట్రానిక్ గడియారాలకు ఇది పెద్ద పని కాదు. తంటా అంతా గాలితోనే. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే శబ్దవేగం సెకనుకు 0.6 మీటర్లు పెరుగుతుంది. ఉదయం 20 డిగ్రీలున్న రేంజి మధ్యాహ్నానికి 35 అయితే శబ్దవేగంలో తేడా 2.6 శాతం. ఆ సవరణ చెయ్యకపోతే కేంద్రానికి 2.5 మి.మీ. దూరంలో పడిన గుండు స్థానం 0.06 మి.మీ. మేర తప్పుగా కనిపిస్తుంది. ఎదురెదురు మైక్రోఫోన్ల మధ్య తేడానే చూస్తారు కాబట్టి సరిగ్గా నడుమ పడిన గుండుకు ఈ పొరపాటు దాదాపు సున్నా, అంచుకు పోయేకొద్దీ ఎక్కువ. ఎండ ఒక పక్కే పడి పెట్టెలో సగం గాలి వేడెక్కినప్పుడు మాత్రం ఈ సమతూకం చెడుతుంది. అందుకే పెట్టెను మూసి ఉంచుతారు, ఉష్ణోగ్రతను కొలిచి సవరిస్తారు. అదనపు మైక్రోఫోన్ ఉంటే ఆ క్షణానికి శబ్దవేగం ఎంతో కూడా లెక్కలోంచే రాబట్టవచ్చు.

తర్వాత తరం టార్గెట్లు శబ్దాన్ని వదిలి కాంతిని పట్టుకున్నాయి. అడ్డంగా, నిలువుగా కంటికి కనిపించని పరారుణ కాంతి తెరల్లోంచి గుండు దూసుకుపోతుంది. దాని నీడ ఏ సెన్సర్ల మీద పడిందో చూసి స్థానం తేలుస్తారు. చీల్చే పొర అక్కర్లేదు, గాలి వేడితో పెద్దగా పనిలేదు.

యంత్రం మాటకు హద్దెంత?

అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధన ప్రకారం ఎలక్ట్రానిక్ టార్గెట్ కనీసం అర దశాంశం మేరకు కచ్చితంగా కొలవగలగాలి. ఎయిర్ రైఫిల్‌లో ఇది 0.125 మి.మీ., 50 మీటర్ల పోటీలో 0.4 మి.మీ. మంచి యంత్రం ఇంతకంటే మెరుగ్గానే కొలవవచ్చు. కానీ నిబంధన హద్దునే తీసుకుని లెక్క వేద్దాం. ప్రతి గుండుకూ 0.05 పాయింటు లోపల అటో ఇటో ఎంతైనా తప్పొచ్చని అనుకుంటే, 60 గుండ్లలో చాలా తప్పులు ఒకదాన్నొకటి రద్దు చేసుకోగా మొత్తంలో మిగిలే అనిశ్చితి సుమారు 0.2 పాయింటు. అంటే 0.1 తేడాతో ఒకరు ఫైనల్‌కు వెళ్ళి మరొకరు ఇంటికి వెళితే, మొదటివారు మెరుగైన షూటర్ అని భౌతికశాస్త్రం ప్రమాణం చేసి చెప్పలేదు. ఆ స్థానం వారిదని నిబంధన చెబుతుంది, అంతే.

అన్ని పొరపాట్లూ ఒకే రకం హాని చెయ్యవు. యంత్రం ప్రతి గుండునూ అర మిల్లీమీటరు కుడికి చూపిస్తుందనుకోండి. వినడానికి ఘోరంగా ఉన్నా, షూటర్‌కు దానివల్ల నష్టం దాదాపు లేదు. పోటీకి ముందు సన్నద్ధతకు, పరీక్షగా కాల్చుకోవడానికి ఇచ్చే 15 నిమిషాల్లో గుండ్లన్నీ కుడికి పోతున్నట్టు గమనించి రైఫిల్ మీద గురిచూసే సైటును ఆ మేరకు సర్దుకుంటాడు. ఆ అర మిల్లీమీటరు పోటీ మధ్యలో కదిలితేనే ముప్పు. టార్గెట్ చెడి షూటర్‌ను మరో లేన్‌కు మార్చినప్పుడు మళ్ళీ పరీక్ష గుండ్లు కాల్చుకోనివ్వడం వెనక ఉన్న కారణం ఇదే. స్థిరంగా ఉండే తప్పును మనిషి సర్దుకోగలడు, మారిపోయే తప్పు ముందు అతను నిస్సహాయుడు.

ఏ తేడాను లెక్కలోకి తీసుకోవాలి?

కొలవడం ఒక ఎత్తు. కొలిచినదాంట్లో దేన్ని లెక్కలోకి తీసుకోవాలన్నది మరో ఎత్తు. బీజింగ్ నాటి అర్హత పోటీలో పూర్ణాంకాలే లెక్క. 10.9కీ 10.0కీ ఒకే విలువ. 9.9కి మాత్రం ఒక పాయింటు కోత. ఇద్దరు షూటర్లను ఊహించుకుందాం. ఒకరు 60 గుండ్లూ 10.1 కొట్టారు. మరొకరు 50 గుండ్లు 10.8, మిగిలిన పది 9.9 కొట్టారు. పూర్ణాంకాల లెక్కలో మొదటివారికి 600, రెండోవారికి 590. దశాంశాల్లో మొదటివారికి 606, రెండోవారికి 639. ఒకే గుండ్లు, ఒకే రంధ్రాలు, విజేత మాత్రం మారిపోయారు. హద్దు దాటకుండా ఉండే నిలకడకు మొదటి పద్ధతి పట్టం కడుతుంది. కేంద్రానికి ఎంత దగ్గరగా కొట్టారన్నదానికి రెండోది విలువిస్తుంది.

ఆ రోజుల్లో ఫైనల్‌లో మాత్రం దశాంశాలుండేవి. పది గుండ్ల ఆ స్కోరును అర్హత స్కోరుకు కలిపేవారు. బీజింగ్‌లో చివరి గుండు ముందు బింద్రా, ఫిన్లాండ్ షూటర్ హెన్రి హక్కినెన్ ఇద్దరూ 689.7 దగ్గర సమానంగా ఉన్నారు. బింద్రా 10.8 కొట్టాడు. కేంద్రానికి అర మిల్లీమీటరు లోపల అన్నమాట. హక్కినెన్ గుండు కేంద్రానికి 3 మి.మీ.కు కాస్త అవతల పడింది, 9.7. బింద్రా మొత్తం 700.5. చైనా షూటర్ ఝు చినాన్ 699.7తో రజతానికి ఎగబాకితే, హక్కినెన్ 699.4తో కాంస్యానికి దిగాడు.

నాలుగేళ్ళకు లండన్‌లో నారంగ్‌కు కాంస్యం దక్కింది. అతని ఫైనల్ స్కోరు 103.1. స్వర్ణం గెలిచిన రుమేనియా షూటర్ అలిన్ మోల్డొవెయాను ఫైనల్ స్కోరు కూడా సరిగ్గా 103.1. అర్హత పోటీలో అతనిది 599, నారంగ్‌ది 598. మొత్తాలు 702.1, 701.1. ఇద్దరి మధ్య తేడా అంతా ముందటి 60 గుండ్లలో పోయిన ఆ ఒక్క పాయింటే. మధ్యలో 701.5తో ఇటలీకి చెందిన నికోలో కాంప్రియాని రజతం అందుకున్నాడు.

2013 నుంచి ఈ లెక్క మారింది. ఎయిర్ రైఫిల్ అర్హత పోటీలోకి దశాంశాలు వచ్చాయి, ఫైనల్ సున్నా నుంచి మొదలైంది. అర్హత పోటీలో సంపాదించుకున్న ఆధిక్యం ఫైనల్‌కు వెంట రాదు. ప్రేక్షకుడికి ఉత్కంఠ పెరిగింది, 60 గుండ్ల నిలకడకు దక్కే ప్రతిఫలం తగ్గింది. 2016 రియోలో బింద్రా ఈ కొత్త పద్ధతిలోనే ఉక్రెయిన్‌కు చెందిన సెర్హీ కులిష్‌తో 163.8 దగ్గర సమమయ్యాడు. తేల్చడానికి ఇద్దరూ చెరో గుండు కాల్చారు. కులిష్ 10.5, బింద్రా 10.0. బింద్రా నాలుగో స్థానంతో వెనుదిరిగితే, కులిష్ రజతం దాకా వెళ్ళాడు.

50 మీటర్ల త్రీ పొజిషన్స్ అర్హత పోటీలో నేటికీ పూర్ణాంకాలే. సమమైతే 10 లోపలి చిన్న వలయాన్ని ఎన్నిసార్లు కొట్టారో చూస్తారు. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 590 పాయింట్లు, 38 లోపలి పదులతో ఏడో స్థానంలో ఫైనల్‌కు వెళ్ళాడు. సున్నా నుంచి మొదలైన ఆ దశాంశాల ఫైనల్‌లో 451.4తో కాంస్యం గెలిచాడు. అర్హత స్కోరును కలిపే పాత పద్ధతే ఉంటే ఏడో స్థానం నుంచి ఎదిగిరావడం ఇంకా కష్టమయ్యేది.

కొలతకు అందనివి

2004 ఏథెన్స్‌లో అమెరికా షూటర్ మాథ్యూ ఎమన్స్ 50 మీటర్ల త్రీ పొజిషన్స్ ఫైనల్‌లో చివరి గుండు ముందు మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నాడు. కాల్చాడు. అతని టార్గెట్ మీద ఏమీ కనిపించలేదు. యంత్రం చెడిందేమో అనుకున్నారు. చూస్తే, గుండు పక్క లేన్‌లోని ఆస్ట్రియా షూటర్ టార్గెట్‌కు తగిలింది. తన టార్గెట్ మీద పడి ఉంటే స్వర్ణానికి సరిపోయే గుండే అది. నిబంధన ప్రకారం సున్నా పడింది. ఎమన్స్ ఎనిమిదో స్థానానికి జారాడు, చైనాకు చెందిన జియా ఝాన్‌బోకు స్వర్ణం దక్కింది. ఆ రోజు యంత్రాలన్నీ సరిగ్గానే కొలిచాయి.

ఇలా పరాయి గుండు తగిలినవారి సంగతేమిటి? తన టార్గెట్ మీద రెండు రంధ్రాలుండి, తనదేదో తేలకపోతే వాటిలో ఎక్కువ విలువున్నదాన్నే అతని ఖాతాలో వేస్తారు. తప్పు చెయ్యనివాడికి సందేహ లాభం ఇవ్వడం ఇక్కడి నీతి. మరోవైపు, తన గుండు విలువ తప్పని షూటర్ ఫిర్యాదు చేసి అది నిలబడకపోతే రెండు పాయింట్లు కోస్తారు. ఊరికే అదృష్టం పరీక్షించుకునేవారికి అదొక కళ్ళెం. యంత్రం మాటను సరిచూడటానికి టార్గెట్ వెనక కాగితపు సాక్ష్యం కూడా ఉంచుతారు. స్కోరు మీద వివాదమొస్తే జ్యూరీ ఆ కాగితాన్ని తీసి చూస్తుంది.

గాలి సంగతి మరీ క్లిష్టం. 50 మీటర్ల రేంజిలో ఉదయం బృందానికి ప్రశాంతమైన గాలి, మధ్యాహ్నం బృందానికి ఈదురుగాలి తగలొచ్చు. ఎంత గొప్ప సెన్సర్ అయినా ఈ తేడాను సరిదిద్దలేదు. అందుకే అందరినీ ఒకే జాబితాలో పోల్చకుండా, ఎలిమినేషన్ దశలో ఒక్కో బృందం నుంచి దాని పరిమాణానికి తగ్గ నిష్పత్తిలో షూటర్లను ముందుకు పంపుతారు. 50, 40, 30 మంది ఉన్న మూడు బృందాల నుంచి 48 మందిని ఎంచాలంటే 20, 16, 12 మంది చొప్పున తీసుకుంటారు. ఎవరు ఎవరితో ఒకే గాలిలో కాల్చారో వారితోనే పోటీ పడతారు.

వీటన్నిటినీ కలిపి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. కాగితం నుంచి మైక్రోఫోన్‌కు, అక్కడి నుంచి కాంతికి మారడంతో కొలత సూక్ష్మమైంది. న్యాయం మాత్రం మూడు చోట్ల నుంచి వస్తుంది: పోటీకి ముందే అందరికీ తెలిసిన నిబంధన, అందరికీ ఒకే రకం పరిస్థితి, అనుమానం వస్తే తిరిగి చూసుకోవడానికి మిగిలే సాక్ష్యం. ఈ మూడూ లేకపోతే ఎంత ఖరీదైన టార్గెట్ అయినా వివాదాన్ని మూడో దశాంశం దాకా లాగడానికే పనికొస్తుంది.

మన జిల్లా స్థాయి పోటీల్లో, స్కూలు రేంజిల్లో లక్షల రూపాయల ఎలక్ట్రానిక్ టార్గెట్లు ఉండకపోవచ్చు. సరైన గేజి, దాన్ని ఒక్కసారే పెట్టే క్రమశిక్షణ, స్కోరు వేసినవారి సంతకం, పోటీ ముగిసేదాకా భద్రపరిచిన కాగితాలు, సమమైతే ఏం చేస్తారో ముందే గోడ మీద అంటించిన నిబంధన చాలు. నిర్వాహకులు ముందు వీటిని సమకూర్చుకోవాలి. యంత్రాలు తర్వాత కొనుక్కోవచ్చు.